రైలు దిగాక బస్సేదీ? లింగంపల్లి కూడలి స్టేషన్ పూర్వాపరాలు

శేరిలింగంపల్లి: జంటనగరాలకు పడమటి వాకిలి లింగంపల్లి. సికింద్రాబాద్ నుంచి వాడి వెళ్లే రైలు మార్గం, మెహదీపట్నం నుంచి గచ్చిబౌలి మీదుగా వచ్చే పాత ముంబయి రహదారి ఒకదానినొకటి దాటేది ఇక్కడే. ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లకు పడమటి దిక్కున మొదటి నుంచీ ఇదే ప్రధాన గమ్యస్థానం. రంగారెడ్డి జిల్లా సరిహద్దు ముగిసి సంగారెడ్డి జిల్లా మొదలయ్యేదీ ఈ చేరువలోనే. సంగారెడ్డి, పటాన్‌చెరు, రామచంద్రాపురం ప్రాంతాల నుంచి బస్సులో వచ్చి రైలెక్కేవారికి, రైలు దిగి గచ్చిబౌలి వైపు బస్సు కోసం పరుగెత్తేవారికి ఇది నిత్యం తొక్కే గడప.

కూడలి స్టేషన్ విలువ దాని మీదుగా ఎన్ని రైళ్లు పోతున్నాయన్న లెక్కతో తేలదు. రైలు దిగిన మనిషి ఎంత సులువుగా, ఎంత త్వరగా, ఎంత ఖర్చుతో తరువాతి వాహనం ఎక్కగలుగుతున్నాడన్నదే అసలు కొలత. 2003లో మొదలైన ఎంఎంటీఎస్ పేరులోనే ‘బహుళ రవాణా’ అన్న అర్థం ఇమిడి ఉంది. రైలును, బస్సును ఒకే వ్యవస్థగా నడపాలన్నది ఆనాటి సంకల్పం. రెండు దశాబ్దాలు దాటిన తరువాత చూస్తే, రైలు వంతు పని కొంత నెరవేరింది. కలపడమనే వంతు మాత్రం చాలావరకు మిగిలిపోయింది.

నిజాం నాటి దారి

ఈ మార్గానికి నూట యాభై ఏళ్ల చరిత్ర ఉంది. ముంబయి - మద్రాసు ప్రధాన రైలు మార్గంపై ఉన్న వాడి జంక్షన్‌తో రాజధానిని కలిపేందుకు నిజాం ప్రభుత్వం తన సొమ్ముతో లైను వేయించింది. మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్న కాలంలో, 1874లో ఇది ప్రారంభమైంది. అప్పటి లింగంపల్లి పొలాల నడుమ ఒక చిన్న ఊరు.

ఇరవయ్యో శతాబ్ది రెండో సగంలో ఈ చుట్టుపక్కల స్వరూపం మారింది. 1960వ దశకంలో రామచంద్రాపురంలో భెల్ కర్మాగారం వెలిసింది. దాని వెంట పటాన్‌చెరు పారిశ్రామికవాడ పెరిగింది. 1974లో ఏర్పాటైన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం తరువాత గచ్చిబౌలి దారిలో విశాలమైన ప్రాంగణంలో స్థిరపడింది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ వైపు కార్యాలయాలు బారులు తీరాయి. 2007లో శేరిలింగంపల్లి పురపాలక సంఘం గ్రేటర్ హైదరాబాద్‌లో విలీనమైంది. కార్మికులు, విద్యార్థులు, ఐటీ ఉద్యోగులు, ఇళ్లలో పనులకు వెళ్లే మహిళలు, కూరగాయలు అమ్ముకునే రైతులు - అందరూ ఈ ఒక్క కూడలి మీదే ఆధారపడవలసి వచ్చింది.

జిల్లా కేంద్రమైన సంగారెడ్డి పట్టణానికి రైల్వేస్టేషన్ లేదు. అక్కడివారు లోకల్ రైలు అందుకోవాలంటే ముందుగా రోడ్డు మార్గాన లింగంపల్లి వైపు రావలసిందే. ఈ స్టేషన్ బాగోగులు రంగారెడ్డి జిల్లాకు మాత్రమే పరిమితం కాదనడానికి ఇదే నిదర్శనం.

పేరులోనే ఉంది కలయిక

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, దక్షిణ మధ్య రైల్వే కలిసి చేపట్టిన ఎంఎంటీఎస్ మొదటి దశ 2003 ఆగస్టు 9న ప్రారంభమైంది. అప్పటి ఉప ప్రధాని ఎల్‌.కె.అద్వానీ జెండా ఊపారు. సుమారు రూ.178 కోట్లతో చేపట్టిన ఈ దశలో కొత్తగా పట్టాలు పరచడం తక్కువ. ఉన్న మార్గాన్నే వినియోగించుకుని, చిన్న స్టేషన్లు కట్టి, విద్యుత్ లోకల్ రైళ్లు నడపడమే ఇందులోని కిటుకు. అందుకే ఖర్చు తక్కువలో పని పూర్తయింది.

లింగంపల్లిలో బయలుదేరిన రైలు చందానగర్, హఫీజ్‌పేట, హైటెక్ సిటీ, బోరబండ, భరత్‌నగర్, ఫతేనగర్, నేచర్‌క్యూర్ ఆసుపత్రి స్టేషన్ల మీదుగా బేగంపేట చేరుతుంది. అక్కడ దారి రెండుగా చీలుతుంది. ఒకటి సంజీవయ్య పార్కు, జేమ్స్ స్ట్రీట్ మీదుగా సికింద్రాబాద్‌కు, మరొకటి నెక్లెస్ రోడ్డు, ఖైరతాబాద్, లక్డీకాపూల్ మీదుగా నాంపల్లికి వెళతాయి. సికింద్రాబాద్ దాటితే విద్యానగర్, కాచిగూడ, మలక్‌పేట మీదుగా ఫలక్‌నుమా వరకు పాతబస్తీ శాఖ ఉంది.

కనీస టిక్కెట్టు 5 రూపాయలు. మియాపూర్, కూకట్‌పల్లి కూడళ్లలో చిక్కుకోకుండా నగరం నడిబొడ్డుకు చేర్చే ఈ రైలు పేద, మధ్యతరగతి ప్రజలకు వరమే. కానీ ఒక చిక్కు ఉంది. లోకల్ రైళ్లకు వేరుగా పట్టాలు లేవు. దూరప్రాంత ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సు రైళ్లు నడిచే మార్గంలోనే ఇవీ నడవాలి. ఎక్స్‌ప్రెస్ వస్తే లోకల్ ఆగవలసిందే. అందువల్ల రైళ్ల మధ్య వ్యవధి పెరుగుతుంది, వేళలు తప్పుతాయి. పైపెచ్చు ఇటీవలి సంవత్సరాల్లో సికింద్రాబాద్‌పై భారం తగ్గించేందుకు తిరుపతి, కాకినాడ, విశాఖపట్నం వైపు నుంచి వచ్చే కొన్ని ఎక్స్‌ప్రెస్‌లను లింగంపల్లి వరకు పొడిగించారు. కోస్తా, రాయలసీమ జిల్లాలకు వెళ్లేవారికి ఇది మేలు చేసింది. దానితోపాటే పెట్టె, బేడాతో దిగే ప్రయాణికుల రద్దీ ఈ స్టేషన్‌కు చేరింది. వారికీ రైలు దిగాక కావలసింది బస్సే.

రోడ్డు వైపు పరిస్థితి

పటాన్‌చెరు నుంచి కోఠి వైపు 218, సికింద్రాబాద్ వైపు 219 శ్రేణి బస్సులు జాతీయ రహదారి మీదుగా తిరుగుతుంటాయి. గచ్చిబౌలి, మెహదీపట్నం వైపు పాత ముంబయి రహదారిలో 216 శ్రేణి బస్సులు ఉన్నాయి. బస్సులు లేవని కాదు. రైలు వేళకు తగినట్లు లేవన్నదే సమస్య. బస్సుకు ఆర్టీసీ వేళలు, రైలుకు రైల్వే వేళలు. ఒకదాని సంగతి మరొకదానికి పట్టదు. ఆ ఖాళీని షేర్ ఆటోలు భర్తీ చేస్తున్నాయి. రైలులో 5 రూపాయలకో, 10 రూపాయలకో సాగిన ప్రయాణం, మిగిలిన రెండు మూడు కిలోమీటర్లకు అంతకు మించిన ఖర్చు పెట్టిస్తుంది.

దీనికి తోడు స్టేషన్ చేరువలోని రైల్వే అండర్ బ్రిడ్జి. లింగంపల్లి నుంచి కేంద్రీయ విశ్వవిద్యాలయం, గచ్చిబౌలి వైపు వెళ్లే వాహనాలకు ఇదే దారి. గట్టి వాన కురిస్తే వంతెన కింద నీరు నిలిచి రాకపోకలు స్తంభించడం ఏటా వానాకాలంలో కనిపించే దృశ్యం. ఆ పూట రైలు వేళకు వచ్చినా, వంతెనకు అవతల ఉన్న బస్సు ఇవతలికి రాలేదు. కూడలిలో ఒక్క లంకె తెగితే మిగిలినవన్నీ ఉండి కూడా లేనట్లే.

కలయికకు నాలుగు కొలతలు

రైలు, బస్సు సక్రమంగా కలిశాయా లేదా అని చూడడానికి రవాణా నిపుణులు ప్రధానంగా నాలుగు విషయాలు పరిశీలిస్తారు.

మొదటిది నడక. ప్లాట్‌ఫాం నుంచి బస్సు నిలిచే చోటికి ఎంత దూరం, ఎన్ని మెట్లు, మధ్యలో రోడ్డు దాటాలా అన్నవి ముఖ్యం. వృద్ధులు, వికలాంగులు, చంటిపిల్లల తల్లులు మెట్ల దగ్గరే ఓడిపోతారు.

రెండోది వేళ. రైలు వచ్చిన అయిదు నిమిషాలకు బస్సు కదలాలి. రైలు రావడానికి ఒక నిమిషం ముందు బస్సు వెళ్లిపోతే ఆ బస్సు ఉన్నా ఫలితం లేదు. ఎదురుచూపు రానూ పోనూ అరగంట చొప్పున పెరిగిందనుకుంటే రోజుకు గంట. నెలకు 25 పనిదినాలు లెక్కిస్తే 25 గంటలు. దినకూలీకి అది మూడు రోజుల పనికి సమానం.

మూడోది టిక్కెట్టు. ఒకే టిక్కెట్టుతో రెండు వాహనాలు ఎక్కగలిగితేనే అది ఒక ప్రయాణం. లేకుంటే రెండు వరుసలు, రెండు చెల్లింపులు.

నాలుగోది సమాచారం. తరువాతి బస్సు ఎప్పుడు, ఎక్కడ నుంచి అన్నది ప్లాట్‌ఫాం మీదే తెలియాలి. పేర్లలోని తికమక కూడా ఇందులోకే వస్తుంది. హైటెక్ సిటీ పేరిట ఎంఎంటీఎస్ స్టేషన్ ఒకటి, 2019లో ప్రారంభమైన మెట్రో స్టేషన్ మరొకటి ఉన్నాయి. రెండూ పక్కపక్కన ఉంటాయని భ్రమపడిన కొత్తవారు మోసపోతారు. వాటి మధ్య నడిచి మారగలిగేంత దగ్గరితనం లేదు. నిజంగా మెట్రోకు, ఎంఎంటీఎస్‌కు చేరువ ఉన్నది బేగంపేట, భరత్‌నగర్, మలక్‌పేట వంటి చోట్ల.

బస్సుకు సొంత బాట

వేళల సమస్యకు ప్రపంచంలో అనేక నగరాలు కనుగొన్న మార్గం బీఆర్‌టీఎస్. రోడ్డు మధ్యలో బస్సుకు మాత్రమే ప్రత్యేక వరుస కేటాయిస్తారు. బస్సు అంతస్తుకు సమానమైన ఎత్తులో వేదిక కడతారు. టిక్కెట్టు బస్సు ఎక్కకముందే తీసుకోవాలి. ఇతర వాహనాల గొడవ లేదు గనుక బస్సు కూడా రైలులా వేళకు నడుస్తుంది. బ్రెజిల్‌లోని కురిటిబా నగరం 1974లోనే దీనికి శ్రీకారం చుట్టింది. మన దేశంలో అహ్మదాబాద్ 2009 అక్టోబరులో ‘జన్‌మార్గ్’ పేరుతో ప్రారంభించి కొనసాగిస్తోంది. ఢిల్లీలో 2008లో వచ్చిన అంబేడ్కర్ నగర్ - మూల్‌చంద్ మార్గం మాత్రం విమర్శల పాలై 2016లో తొలగిపోయింది. బాట వేయడం ఒక ఎత్తు, దానిని కాపాడుకోవడం మరో ఎత్తు అన్నది ఈ రెండు అనుభవాల సారం.

తెలుగునాట విజయవాడ, విశాఖపట్నం నగరాలకు కేంద్ర ప్రభుత్వ జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం పథకం కింద బీఆర్‌టీఎస్ మంజూరైంది. విజయవాడ సత్యనారాయణపురంలో పాత రైలు పట్టాలు తొలగించిన స్థలంలోనే ఈ రోడ్డు వచ్చింది. నేటికీ దానిని బీఆర్‌టీఎస్ రోడ్డుగానే పిలుస్తారు. విశాఖలో పెందుర్తి, సింహాచలం వైపు రెండు మార్గాలు చేపట్టారు. రోడ్లు విశాలమయ్యాయి గానీ బస్సుకు ప్రత్యేక వరుస అనుకున్న రీతిలో స్థిరపడలేదు. పైగా ఆ నగరాల్లో ఎంఎంటీఎస్ వంటి లోకల్ రైళ్ల వ్యవస్థ లేదు.

వింత ఏమంటే హైదరాబాద్‌ది దీనికి సరిగ్గా తలకిందులైన స్థితి. ఇక్కడ లోకల్ రైలు ఉంది, బస్సుకు సొంత బాట లేదు. కేపీహెచ్‌బీ నుంచి ఐటీ కారిడార్ మీదుగా ఎత్తయిన వంతెనలపై బీఆర్‌టీఎస్ నిర్మించాలన్న ప్రతిపాదన ఒకప్పుడు వినిపించినా కార్యరూపం దాల్చలేదు. ఒక రాష్ట్రంలో బాట ఉండి రైలు లేక, మరో రాష్ట్రంలో రైలు ఉండి బాట లేక, రెండింటి ఫలమూ ప్రయాణికునికి సగమే దక్కింది.

రెండూ కలిసిన చోటు

లోకల్ రైలు, బీఆర్‌టీఎస్ రెండూ ఒక శివారు స్టేషన్‌లో కలిసిన ఉదాహరణకు మెక్సికో దేశం వైపు చూడవచ్చు. మెక్సికో నగరంలోని బ్యునావిస్తా నుంచి ఉత్తర శివారులోని క్వౌతిత్లాన్ వరకు 27 కిలోమీటర్ల మేర శివారు రైలు నడుస్తుంది. 2008 జూన్‌లో దీని తొలి భాగం ప్రారంభమైనప్పుడు లెచెరియా అనే స్టేషనే చివరిది. మరుసటి ఏడాది జనవరిలో మార్గాన్ని క్వౌతిత్లాన్ వరకు పొడిగించారు. 2015లో మెక్సిబస్ రెండో మార్గం ఈ లెచెరియాను తాకుతూ వచ్చింది. రైలు ఉత్తర దక్షిణాలుగా నగరానికి చేరుస్తుంటే, బస్సు తూర్పు పడమరలుగా శివారు పట్టణాలను కలుపుతుంది.

ఇందులో గ్రహించవలసిన కీలకం ఒకటుంది. రైలు వెళ్లే దారిలోనే బస్సును పోటీగా నడపడం వృథా. రైలుకు అడ్డంగా సాగే దారిలో బస్సు నడిస్తేనే రెండూ ఒకదానికొకటి ప్రయాణికులను అందించుకుంటాయి. లింగంపల్లి భౌగోళిక స్థితి అచ్చంగా ఇదే. రైలు సికింద్రాబాద్ వైపు పోతుంటే, పాత ముంబయి రహదారి దానిని అడ్డంగా దాటి గచ్చిబౌలికి సాగుతుంది. ప్రకృతి సిద్ధంగా అమరిన కూడలిని వాడుకోవడమే మిగిలి ఉంది.

కరోనా దెబ్బ, ఉచిత ప్రయాణం

2020 మార్చిలో కరోనా కారణంగా ఎంఎంటీఎస్ రైళ్లు నిలిచిపోయాయి. తిరిగి పట్టాలెక్కడానికి 2021 జూన్ వరకు, అంటే పదిహేను నెలలు పట్టింది. అంతకుముందు రోజుకు 120 దరిదాపుల్లో ఉన్న సర్వీసులు వెంటనే పూర్వస్థితికి రాలేదు. ఈలోగా పలువురు ద్విచక్ర వాహనాలకు, ఆటోలకు అలవాటు పడ్డారు. వేళ తప్పని నమ్మకం పోతే ప్రయాణికుడు దూరమవుతాడు, ప్రయాణికుడు తగ్గితే సర్వీసులు తగ్గుతాయి. ఈ విషవలయం నుంచి బయటపడడం తేలిక కాదు.

2023 డిసెంబరు 9న తెలంగాణ ప్రభుత్వం మహాలక్ష్మి పథకం ప్రారంభించింది. ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్ర మహిళలకు ఉచిత ప్రయాణ సౌకర్యం కలిగింది. ఇది నిరుపేద మహిళలకు ఎంతో ఊరట. అయితే ఈ సౌకర్యం బస్సు వరకే, ఎంఎంటీఎస్‌కు వర్తించదు. ఫలితంగా పటాన్‌చెరు నుంచి నగరానికి వెళ్లే మహిళ లింగంపల్లిలో రైలుకు మారితే టిక్కెట్టు కొనాలి, బస్సులోనే కూర్చుంటే కొననక్కరలేదు. సమయం కలిసివచ్చేది రైలులో, డబ్బు మిగిలేది బస్సులో. ఒకే టిక్కెట్టు విధానం ఉండి ఉంటే ఈ రెంటిలో ఒకటి వదులుకోవలసిన అవసరం వచ్చేది కాదు.

విస్తరిస్తున్న రైలు

ఎంఎంటీఎస్ రెండో దశ 2012-13లో రూ.816 కోట్ల అంచనాతో మంజూరైంది. వ్యయంలో రాష్ట్రానిది మూడింట రెండు వంతులు, రైల్వేది ఒక వంతు. నిధుల విడుదలలో జాప్యంతో పనులు ఏళ్ల తరబడి సాగాయి. తెల్లాపూర్ - రామచంద్రాపురం లైను ఇందులో భాగమే. 2023 ఏప్రిల్ 8న ప్రధాని నరేంద్ర మోదీ సికింద్రాబాద్ - మేడ్చల్, ఫలక్‌నుమా - ఉందానగర్ మార్గాలను ప్రారంభించారు. 2024 మార్చి 5న సంగారెడ్డి పర్యటనలో సనత్‌నగర్ - మౌలాలి మార్గాన్ని జాతికి అంకితం చేసి, ఘట్‌కేసర్ - లింగంపల్లి రైలుకు పచ్చజెండా ఊపారు. దీనితో తూర్పు శివారు, పడమటి శివారు సికింద్రాబాద్ జోలికి పోకుండానే కలిశాయి.

2025 జనవరి 6న చర్లపల్లి టెర్మినల్ ప్రారంభమైంది. విశాలమైన భవనం, ఆధునిక వసతులు సమకూరినా, అక్కడికి చేరే రోడ్లు, బస్సుల గురించే తొలి రోజుల్లో ఎక్కువ చర్చ జరిగింది. మియాపూర్ నుంచి పటాన్‌చెరు వరకు మెట్రో పొడిగింపు ప్రతిపాదనను రాష్ట్ర ప్రభుత్వం 2024లో రెండో దశలో చేర్చింది. కొత్త మార్గం ఏది వచ్చినా, అది పాత మార్గాన్ని ఎక్కడ, ఎలా కలుస్తుందన్నది ముందుగానే తేల్చుకోకపోతే మరో హైటెక్ సిటీ స్టేషన్ కథే అవుతుంది.

బాధ్యత ఎవరిది?

పట్టాలు, ప్లాట్‌ఫాంలు రైల్వేవి. బస్సులు తెలంగాణ ఆర్టీసీవి. స్టేషన్ ముంగిట రోడ్డు, కాలిబాట, మురుగు కాల్వ నగరపాలక యంత్రాంగానివి. రద్దీ క్రమబద్ధీకరణ పోలీసులది. ప్రతి సంస్థా తన హద్దు వరకు పని చేస్తుంది. ప్రయాణికుడి కష్టం మాత్రం సరిగ్గా ఆ హద్దుల దగ్గరే మొదలవుతుంది.

ఈ సంగతి గుర్తించే 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం పది లక్షలు దాటిన ప్రతి నగరానికి ఏకీకృత రవాణా సంస్థ ఉండాలని సూచించింది. హైదరాబాద్‌లోనూ అటువంటి సంస్థ ఏర్పాటైంది. అయితే సమావేశం జరిపే సంస్థ వేరు, వేళల పట్టిక మార్చగల అధికారమున్న సంస్థ వేరు. రైలు ఆలస్యమైతే బస్సును అయిదు నిమిషాలు ఆపమని చెప్పగలిగేవారు ఒకరుండాలి.

ఖర్చు లేని పనులే ముందు

లింగంపల్లిలో తక్షణం జరగవలసినవాటికి కోట్లు అక్కరలేదు. ఉదయం, సాయంత్రం రద్దీ వేళల్లో రైళ్ల రాకకు అనుగుణంగా గచ్చిబౌలి, పటాన్‌చెరు వైపు ఫీడర్ బస్సులు నడపాలి. ప్లాట్‌ఫాంపై బస్సు వేళలు తెలుగులో ప్రదర్శించాలి. ఆర్టీసీ బస్‌పాస్‌ను, రైల్వే సీజన్ టిక్కెట్టును కలిపి ఒకటిగా ఇవ్వాలి. వానాకాలానికి ముందే అండర్ బ్రిడ్జి కింద నీటిని తోడే ఏర్పాట్లు సరిచూడాలి. బస్సుకు ప్రత్యేక వరుస, దానిని కాపాడే కట్టుదిట్టం ఆ తరువాతి మెట్టు.

నూట యాభై ఏళ్ల క్రితం ఒక పట్టాన్ని ఇంకో పట్టంతో కలపడానికి నిజాం ప్రభుత్వం వాడి దాకా వెళ్లింది. నేడు కలపవలసిన దూరం ప్లాట్‌ఫాం నుంచి బస్సు మెట్టు వరకే. ఆ కొద్ది అడుగులు దాటినప్పుడే ఎంఎంటీఎస్ తన పేరును సార్థకం చేసుకుంటుంది.

లింగంపల్లి.. క్లుప్తంగా

1874: వాడి - సికింద్రాబాద్ రైలు మార్గం ప్రారంభం
2003 ఆగస్టు 9: ఎంఎంటీఎస్ మొదటి దశ ప్రారంభం
2007: శేరిలింగంపల్లి పురపాలక సంఘం గ్రేటర్‌లో విలీనం
2020 మార్చి - 2021 జూన్: కరోనాతో లోకల్ రైళ్ల నిలుపుదల
2023 డిసెంబరు 9: ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం
2024 మార్చి 5: ఘట్‌కేసర్ - లింగంపల్లి రైలు ప్రారంభం